ఇరవై నాలుగు డిగ్రీల తిరుపతి

మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఏడాది పొడవునా ఇరవై నాలుగు డిగ్రీలే ఉంటుందని నాకు మొన్న వేసవిలో తెలిసింది. ఊరేమో తిరుపతి, నెలేమో ఏప్రిల్. స్టేషన్ నుంచి ఆటోలో కాలేజీ చేరేసరికే నా జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. అయినా ఆ ల్యాబు బీరువాలోంచి ఏ రికార్డు తీసి చూసినా, అది ఏ బ్యాచ్‌దైనా, ఏ అమ్మాయి చేతిరాతైనా, ధ్వని వేగం ప్రయోగం దగ్గర 'గది ఉష్ణోగ్రత' అన్న గడిలో ఇరవై నాలుగే కనిపించింది. చలికాలంలో చేసినవాళ్ళకూ అంతే, నడి వేసవిలో చేసినవాళ్ళకూ అంతే. నేను నేల మీద చతికిలబడి ఒక్కొక్కటే తిరగేస్తుంటే మొదట నవ్వొచ్చింది. తరవాత అన్నిటికంటే అడుగున ఉన్న రికార్డు తీశాను. మాసిపోయిన బ్రౌన్ పేపరు అట్ట, దాని మీద ఎర్ర సిరాతో 'మోడల్ రికార్డు' అని పెద్ద అక్షరాలు, కింద నా పేరు, వకుళ. నవ్వు ఆగిపోయింది.

నన్ను పిలిపించింది హిమజ. ఆ కాలేజీలోనే చదువుకుని ఇప్పుడు అక్కడే ఫిజిక్స్ చెబుతున్న పిల్ల. ఒక సదస్సులో నా ప్రసంగం విని పరిచయం చేసుకుంది. ల్యాబును కొత్త బిల్డింగులోకి మారుస్తున్నామనీ, పాత బీరువాలో నా రికార్డు దొరికిందనీ, పారేసే లోపల వచ్చి తీసుకుపొమ్మనీ ఫోన్ చేసింది. మోడల్ రికార్డంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పాలి. ప్రతి బ్యాచ్‌లోనూ అందరికంటే చక్కగా రాసిన రికార్డును ల్యాబులోనే ఉంచేసుకుంటారు. తరవాత వచ్చే పిల్లలు దాన్ని చూసి ఎలా రాయాలో నేర్చుకోవాలని ఉద్దేశం. పిల్లలు అంతకంటే తెలివైనవాళ్ళు కాబట్టి ఎలా రాయాలో మాత్రమే కాకుండా ఏం రాయాలో కూడా దాంట్లోంచే తీసుకుంటారు. "మేము కూడా మీదే చూసి రాసినాం మేడమ్," అంది హిమజ సిగ్గుపడుతూ. "మా సీనియర్లూ అంతే. ఇప్పటి పిల్లకాయలైతే ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటా ఉండారు. ఇరవై నాలుగు ఎవురు మొదలు పెట్టినారో ఎవురికీ తెలీదు." నాకు తెలుసు. ఆ మాట అప్పుడే ఆమెకు చెప్పలేకపోయాను.

నా ఉద్యోగం ఏమిటో మా బంధువుల్లో చాలామందికి ఇప్పటికీ అంతుపట్టదు. నేను హైదరాబాదులో ఫిలాసఫీ చెబుతాను. అందులోనూ ఫిజిక్స్ చరిత్ర, ఫిజిక్స్ తత్వం. మా చిన్నాన్న ప్రతి పెళ్ళిలోనూ నన్ను కొత్తవాళ్ళకు వేదాంతం చెప్పే ప్రొఫెసరని పరిచయం చేస్తాడు. ఒకసారి ధనుర్మాసంలో ఉపన్యాసం కూడా ఒప్పుకొచ్చాడు, తప్పించుకునేసరికి తలప్రాణం తోకకొచ్చింది. నిజానికి నేను చేసేది చాలా లౌకికమైన పని. ఎప్పుడో ఎవరో ఒక గదిలో ఒక పరికరం ముందు కూచుని ఒక అంకె రాసుకుంటారు. ఆ అంకె వాళ్ళకు ఎలా వచ్చింది, దాన్ని వాళ్ళు ఎందుకు నమ్మారు, ఇంకొకరు ఎందుకు నమ్మలేదు అని ఆరా తీయడమే నా బతుకు. ఊళ్ళో పక్కింటి సంగతులు ఆరా తీసే అమ్మలక్కలకూ నాకూ పెద్ద తేడా లేదు. వాళ్ళకు జీతం రాదు, నాకు వస్తుంది. ఇంతకాలం ఆరా తీసిన గదులన్నీ దూరదేశాలవి. నేను చదువుకున్న గదిని ఒక్కసారి కూడా ఆరా తీయలేదని ఆ నేల మీద కూచున్నప్పుడే తట్టింది.

ఆ రికార్డు వాసన చూస్తే మా ఇల్లు గుర్తొచ్చింది. అట్ట వేసింది మా నాయన. దేవస్థానం ఆఫీసులో గుమాస్తా ఆయన. తెల్లవారుజామున బావి దగ్గర స్నానం చేసి వచ్చి, చేతిలో పట్టేంత అద్దం ముందు కూచుని నామం దిద్దుకునేవాడు. తడి తెల్లమట్టి వాసన, శ్రీచూర్ణం వాసన, అప్పుడే వంటింట్లో అమ్మ నేతిలో వేయించే మిరియాల వాసన, ఈ మూడూ కలిస్తేనే మా ఇంట్లో పొద్దు పొడిచేది. నామం ఎప్పుడూ ఒకే తీరు. కొంచెం వంకర పోయిందా, తుడిచి సరిచేయడం ఉండదు. లేచిపోయి ముఖం మొత్తం కడుక్కుని వచ్చి మళ్ళీ మొదటి నుంచి దిద్దుకునేవాడు. ఒక్కోరోజు మూడుసార్లు కడుక్కున్న సందర్భాలున్నాయి. అమ్మ వంటింట్లోంచి, "ఆ సామికి నీ నామం వంకరైనా ఒకటే, సక్కంగున్నా ఒకటే, వచ్చి తినిపో," అని కేకేసేది. ఆయన అద్దం మీంచి కళ్ళు తిప్పేవాడు కాదు. నేను గుమ్మం దగ్గర కూచుని ఈ పూట ఎన్నిసార్లు కడుక్కుంటాడా అని చూసేదాన్ని. ఆ వంకర నాకు ఎంత కళ్ళు చిట్లించినా కనిపించేది కాదు. ఆయనకు ఎలా కనిపిస్తుందా అన్నది నా చిన్నప్పటి పెద్ద ప్రశ్న.

ఆఫీసులోనూ ఆయన అంతే. కొట్టివేత లేకుండా పేజీ మొత్తం రాయగలడని పేరు. పెద్దవాళ్ళకు వెళ్ళే ఉత్తరాలకు శుద్ధప్రతి రాయాలంటే ఆయన్నే పిలిచేవారు. నా రికార్డులో ఫిజిక్స్ ఏముందో ఆయనకు తెలియదు, కానీ ఆదివారం పూట భోజనం అయ్యాక చాప మీద పడుకుని దాన్ని పేజీ పేజీ చూసేవాడు. ప్రతి పేజీకీ పెన్సిలుతో మార్జిన్లు ఆయనే కొట్టిచ్చేవాడు. "కొట్టేసిన అక్షరం ఒకటుంటే సాలు, ఆ పేజీ అంతా పాడైనట్టే. రబ్బరు పెట్టు, మళ్ళీ రాయి," అనేవాడు. అందుకని నేను రీడింగులు ముందు పెన్సిలుతో వేసుకుని, ఇంటికొచ్చి లెక్క సరిపోయాక సిరాతో దిద్దేదాన్ని. నా రికార్డు మోడల్ రికార్డు కావడానికి కారణం ఇదే. ఫిజిక్స్ వల్ల కాదు, శుభ్రత వల్ల. మా నాయన ఆ సంగతి విని మా వీధిలో అందరికీ చెప్పుకొచ్చాడు. అంత సంతోషంగా ఆయన్ను నేను తరవాత నా పీహెచ్‌డీకి కూడా చూడలేదు.

ల్యాబులో నాకు జత మునిలక్ష్మి. చంద్రగిరి అవతల పల్లె నుంచి బస్సులో వచ్చేది. వాళ్ళది మామిడితోపు ఉన్న సంసారం. ఆమె కారియర్లో రాగిసంగటి, వేరుశనక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి ఉండేవి, నా డబ్బాలో దద్దోజనం. మా ఇంట్లో మడి ఆచారం ఎంతంటే బయటి ఊరుబిండి తిన్నానని తెలిస్తే అమ్మ నాతో పూటంతా మాట్లాడేది కాదు. అందుకే మేమిద్దరం వరండా చివర కూచుని మార్చుకుని తిని, నేను సబ్బుతో చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళేదాన్ని. మునిలక్ష్మికి ఫిజిక్సంటే ప్రాణం. చెట్టు మీది కాయ ఎంత వేగంతో పడుతుందని చిన్నప్పుడు తోపులో రాళ్ళు వేసి చూసుకుందట. నాకు ఫిజిక్సంటే మార్కులు. ఆమె ఎమ్మెస్సీ చేసి కాలేజీలో చెప్పాలనుకుంది. నేను ఏమీ అనుకోలేదు.

ఆ ప్రయోగం ఇలా ఉంటుంది. నిలువు గాజు గొట్టంలో నీళ్ళు పోసి, దాని మూతి దగ్గర ఒక ట్యూనింగ్ ఫోర్కును రబ్బరు దిమ్మ మీద కొట్టి పట్టుకోవాలి. నీళ్ళను మెల్లగా దించుతూ పోతే ఒకచోట ఆ సన్న శబ్దం ఉన్నట్టుండి గొట్టమంతా నిండి గట్టిగా మోగుతుంది. ఇంకా దించితే రెండోచోట మళ్ళీ మోగుతుంది. ఆ రెండు చోట్ల మధ్య దూరం కొలిస్తే గాలిలో శబ్దం ఎంత వేగంగా పోతుందో లెక్క కట్టవచ్చు. గాలి వేడెక్కితే శబ్దం వేగంగా పోతుంది కాబట్టి, గదిలో ఎంత వేడి ఉందో థర్మామీటరులో చూసి ఆ మేరకు తగ్గించుకుంటే, సున్నా డిగ్రీల దగ్గర వేగం వస్తుంది. అది సెకనుకు మూడు వందల ముప్పై ఒక్క మీటర్లు అని పుస్తకంలోనే ఉంటుంది. అంటే జవాబు ముందే తెలుసు. తెలిసిన జవాబుకు దారి వేయడమే పిల్లల పని.

వినే పని మునిలక్ష్మిది, రాసే పని నాది. ఆమె స్టూలు ఎక్కి, కళ్ళు మూసుకుని, గొట్టం మూతి దగ్గర చెవి పెట్టేది. "ఆగు మే... ఇంకొంచెం దించు... కాదు, పైకి... ఈడ! ఈడ్నే మోగతాండాది," అనేది. రెండోచోటు యాభై పాయింట్ ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర చెప్పింది. నాకు మాత్రం యాభై దగ్గరా అంతే, యాభై ఒకటి దగ్గరా అంతే. ఆమె చెప్పింది పెన్సిలుతో వేసుకున్నాను. మళ్ళీ మళ్ళీ కొట్టి చూసినా ఆమె అదే చోట చెయ్యెత్తింది.

ఇక మిగిలింది థర్మామీటరు. అది మా ల్యాబులో లేదు. పెరటి వైపు బండలు పరిచిన ఖాళీ జాగాకు అవతల, కెమిస్ట్రీ వాళ్ళ వరండాలో గోడకు వేలాడేది. రెండు ల్యాబులకూ కలిపి ఒకటే. పది పదిహేను అడుగులు నడిస్తే చాలు. కానీ మా ల్యాబు ముందు గుమ్మం పైన అటెండరు పెద్దాయన వెంకటేశ్వరస్వామి పటం పెట్టి రోజూ పూలు వేసేవాడు. "చెప్పులు ఆడ ఇడిసి రాండమ్మా, లోపల సామి ఉండాడు," అనేవాడు. అందరి చెప్పులూ ముందు గుమ్మం బయట. థర్మామీటరు వెనక. మిట్టమధ్యాహ్నం ఆ బండల మీద వట్టి కాళ్ళతో నడవాలి. చెప్పులు వేసుకుని బిల్డింగు చుట్టూ తిరిగి రావచ్చు, కానీ ఎవరు తిరుగుతారు? ఆ రోజు నేను వెనక తలుపు తీసి ఒక కాలు బండ మీద పెట్టాను. నిప్పు మీద పెట్టినట్టే అయింది, ఎగిరి లోపలికొచ్చి పడ్డాను. బల్ల మీద మా ముందు బ్యాచ్ అక్క రాసిన మోడల్ రికార్డు ఉంది. ఆమె ఆ ప్రయోగం డిసెంబరులో చేసింది, ఇరవై నాలుగు అని రాసింది. ఆమె నిజంగానే వెళ్ళి చూసి ఉంటుంది, చలికాలంలో బండలు చల్లగానే ఉంటాయి కదా.

"ఎంతుండాది మే?" అని అడిగింది మునిలక్ష్మి, గొట్టంలో నీళ్ళు వంపుతూ.

"ఇరవై నాలుగు," అన్నాను.

ఆమె వేసుకుంది. నా మాటను ఎందుకు అనుమానిస్తుంది?

ఇంటికెళ్ళి లెక్క చేస్తే మూడు వందల ముప్పై ఒకటి రాలేదు, ముప్పై తొమ్మిది వచ్చింది. ఎక్కడ తప్పు? నాకు ఒక్క క్షణం కూడా థర్మామీటరు గుర్తు రాలేదు. ఇది ఇప్పుడు నాకే వింతగా ఉంది. తెలిసి చేసిన తప్పును నేను పూర్తిగా మరిచిపోయి, మునిలక్ష్మి సరిగా విని ఉండదని అనుకున్నాను. జవాబు దగ్గర నుంచి వెనక్కి లెక్క కట్టాను. రెండోచోటు యాభై పాయింట్ సున్నా దగ్గర ఉంటే సరిపోతుంది. ఎనిమిదిని రబ్బరుతో చెరిపి సున్నా చేశాను. గట్టిగా ఊది రబ్బరు పొట్టు దులిపి, పైన సిరాతో దిద్దాను. మా నాయన ఆదివారం చూసి, "బాగుండాది," అన్నాడు.

మునిలక్ష్మి దిద్దలేదు. నేను చెప్పి చూశాను. "నాకు యాడ వినపడిందో ఆడ రాసినా. వినపడనికాడ వినపడిందని ఎట్లా రాసేది?" అంది. మా డిమాన్‌స్ట్రేటరు మేడమ్ మా రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఆమె చెడ్డ మనిషి కాదు, ఓపికగానే చెప్పింది. "ఒకే గొట్టం, ఒకే ఫోర్కు. వకుళకు సరిగ్గా వచ్చింది, నీకు రాలేదు. నీ చెవిలోనే ఏందో తేడా ఉండాది తల్లీ. డాక్టరుకు చూపించుకో." నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ రీడింగు నాది కాదని, నేను ఏమీ వినలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. నా మోడల్ రికార్డు పోతుందేమోనన్న భయం ఒకటి, మా నాయన ముఖం ఒకటి. నోరు తెరవలేదు.

డాక్టరు దాకా పోలేదు వాళ్ళు. వాళ్ళమ్మ వెల్లుల్లి వేసి కాచిన నువ్వులనూనె చుక్కలు రోజూ ఆమె చెవుల్లో వేసేది. ల్యాబులో నా పక్కన నిలబడితే ఆ వాసన వచ్చేది. తరవాత చాలా ఏళ్ళు ఎవరింట్లోనైనా వెల్లుల్లి నూనెలో వేగుతుంటే నేను లేచి బయటికి వెళ్ళిపోయేదాన్ని. వెల్లుల్లి పడదేమో అనుకునేదాన్ని, మా ఇంట్లో అది వండం కదా అని సరిపెట్టుకునేదాన్ని.

పరీక్షలో చీటీ తీస్తే మునిలక్ష్మికి మళ్ళీ అదే ప్రయోగం వచ్చింది. మళ్ళీ తన చెవికి వినపడిన చోటే రాసింది. ఉష్ణోగ్రత గడిలో మాత్రం ఇరవై నాలుగు వేసింది, ఎందుకంటే ఆ ల్యాబులో ఇరవై నాలుగు ఉంటుందని నేను చెప్పాను. ఆమె కాగితంలో తనది కాని అంకె అదొక్కటే. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు పాసు మార్కులు వేసి వదిలేశాడు. ఎమ్మెస్సీ సీటు ఆమెకు రాలేదు, నాకు వచ్చింది. ఆమె లెక్కలతో బీఈడీ చేసి హైస్కూలు టీచరైంది. అప్పట్లో ఎందుకు లెక్కలు తీసుకున్నావని అడిగితే, "లెక్కలకు చెవులు అక్కర్లేదు గదా మే," అని నవ్వింది. ఆ నవ్వును నేను చాలా తేలిగ్గా తీసుకున్నాను.

ఈ కథంతా నాకు ఆ బీరువా ముందు వరసగా గుర్తు రాలేదు. ముందు నా అంకెల్నే ముచ్చటగా చూసుకుంటున్నాను. కిటికీ వెలుతురుకు పేజీని ఏటవాలుగా పట్టుకుంటే, సిరాతో రాసిన సున్నా కింద పెన్సిలు గాడి కనిపించింది. రబ్బరు పెన్సిలు రాతను చెరిపింది కానీ కాగితంలో పడిన గీతను చెరపలేకపోయింది. ఎనిమిది. కింది గడిలో మళ్ళీ ఎనిమిది. పాత కాగితాల్లో ఇలాంటివి వెతకడం నా వృత్తి కాబట్టి చెయ్యి దానంతటదే సంచీలోంచి పెన్ను తీసింది. మునిలక్ష్మి విన్నది నిజమే అనుకుందాం, పుస్తకంలో వేగమూ నిజమే అనుకుందాం, అప్పుడు గదిలో ఎంత వేడి ఉండాలి అని హిమజ ఇచ్చిన కాగితం వెనక లెక్క వేశాను. ముప్పై ఎనిమిది డిగ్రీలు వచ్చింది. మళ్ళీ వేశాను. మళ్ళీ ముప్పై ఎనిమిదే. తిరుపతిలో ఏప్రిల్ మధ్యాహ్నం. బండల మీద కాలు పెట్టలేని మధ్యాహ్నం. ఆ రోజు ఆ ల్యాబులో సరిగ్గా పనిచేసిన పరికరం ఒక్కటే ఉంది, అది మునిలక్ష్మి చెవి.

లెక్క తప్పినప్పుడు దాంట్లో ఉన్న నాలుగైదు అంకెల్లో ఏది తప్పో లెక్క చెప్పదు, మనుషులే తేల్చుకోవాలి, అలా తేల్చుకునేటప్పుడు వాళ్ళు ఎవరిని ముందు అనుమానిస్తారో చూడండి అని నేను ఏటా క్లాసులో చెబుతాను. దానికి ఎక్కడెక్కడి ఉదాహరణలో చెబుతాను. మేము అనుమానించింది రాగిసంగటి తెచ్చుకునే పల్లెటూరి పిల్ల చెవిని. ప్రొఫెసరుగా నాకు అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు, మనిషిగా అంతకంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు. హిమజకు మొత్తం చెప్పేశాను. ఆమె రికార్డు తీసుకుని ఆ ఎనిమిది గాడిని వేలితో తడిమి చూసింది. తరవాత నన్ను కొత్త ల్యాబు చూడమని తీసుకుపోయింది. తెల్ల బల్లలు, డిజిటల్ మీటర్లు, ఏసీ. గోడ మీద రిమోటు చూపించి, "ఇరవై నాలుగులో పెట్టినారు మేడమ్. కరెంటు ఆదా అంట," అంది. ఇంతకాలానికి నా అబద్ధం నిజమైంది. ఇద్దరం నవ్వాం, నాకైతే నవ్వుతో పాటు కళ్ళలో నీళ్ళొచ్చాయి. పాత ల్యాబు సామానులోంచి ఒక ఫోర్కు, రబ్బరు దిమ్మ, థర్మామీటరు అడిగి తీసుకుని, మర్నాడు చంద్రగిరి బస్సెక్కాను.

మునిలక్ష్మిని చూసి ఏడేళ్ళయింది. రిటైరై తోపు చూసుకుంటోంది. వాకిట్లో బెంగళూరా మామిడికాయలు గుట్ట పోసి ఉన్నాయి, భర్త మండీకి వెళ్ళాడట. లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. నేను మాట్లాడుతుంటే తల కొంచెం పక్కకు వంచి కుడి చెవి నా వైపు తిప్పింది. ఎప్పుడూ అలాగే చేస్తుంది. అది ఆమె తీరు అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఎప్పటి నుంచి అలా చేస్తోందో ఆ క్షణంలో అర్థమై, చేతిలో గ్లాసు కింద పెట్టేశాను.

"మునీ, ఆ పొద్దు నేను థర్మామీటరు చూడలే," అన్నాను.

"యా పొద్దు?"

చెప్పాను. రికార్డు ముందు పెట్టి, పేజీ వెలుతురుకు వంచి ఎనిమిది చూపించాను. ముప్పై ఎనిమిది వచ్చిన లెక్క చూపించాను. ఫోర్కూ థర్మామీటరూ తెచ్చానని కూడా చెప్పాను. కళ్ళద్దాలు తెచ్చుకుని ఒక్కొక్క వరసా వేలు పెట్టి చదివింది, టీచరు కదా. చివరికి వచ్చాక మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"కాళ్ళు కాల్తాయనా?" అంది.

"ఊఁ."

"నాతో చెప్పింటే నేను పోయి చూసొచ్చేదాన్ని గదే! చెప్పుల్లేకుండా తోపంతా తిరిగేదాన్ని, ఆ బండలు నాకొక లెక్కా?" రికార్డు మూసి పక్కకు తోసింది. "మా యమ్మ రోజూ నూనె పోసేది. కాలేజీలో పాఠం చెప్పాలంటే పిల్లోళ్ళు అడిగేది వినపడాల గదా, నాకు వినపడదేమో అని నేనే వద్దనుకున్నా. రెండో ఏడు మళ్ళీ రాస్తే సీటు వస్తాదని మా నాయన అన్నాడు. నేనే వద్దన్నా."

సీటు పోవడం ఒక్కటే నాకు తెలుసు. ఈ సంగతి తెలియదు. తప్పైపోయింది మునీ అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అంటుంటేనే తెలిసింది.  ఆమె లేచి పెరట్లోకి పోయింది. కోపంతో పోయిందేమో, నేను వెళ్ళిపోవాలేమో అని తెలియక అక్కడే కూచున్నాను. కొంతసేపటికి పెరట్లోంచి కేక వినిపించింది. "ఆ ఫోర్కు తెచ్చినానంటివే, తే!"

వెళ్ళి చూస్తే నీళ్ళ డ్రమ్ములో బోరుకు వేయగా మిగిలిన పీవీసీ పైపు ముక్క నిలబెట్టింది. పైపు మీద బట్టలు కుట్టే టేపు అతికిస్తోంది. "ముందు నువ్వు పోయి ఎండెంతుండాదో చూసి రా," అంది. డ్రమ్ము పక్క నీడలో థర్మామీటరు పట్టుకుని, పాదరసం ఆగేదాకా నిలబడ్డాను. ముప్పై ఏడు. ఆమె నా చేతిలోంచి తీసుకుని తనూ చూసింది. అప్పుడు ఒప్పుకుంది.

నేను ఫోర్కు కొట్టి పైపు మూతి మీద పట్టుకున్నాను. ఆమె కళ్ళు మూసుకుని పైపును మెల్లగా పైకి లాగింది. మొదటి చోటు తొందరగానే దొరికింది. రెండోదాని కోసం ఫోర్కు నాలుగైదు సార్లు కొట్టాల్సి వచ్చింది. తోపులో పక్షులు, రోడ్డు మీద ఏదో లారీ. ఆ లారీ చప్పుడు పోయేదాకా ఆమె ఆగింది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఈడ," అంది నెమ్మదిగా. నాకు ఈసారి కూడా పెద్ద తేడా తెలియలేదు. నేను వంగి టేపు మీద అంకె చూసి, సంచీలోంచి నోటుబుక్కు తీయబోయాను.

"ఇట్లియ్. నేను రాసుకుంటా," అని నా చేతిలోంచి బుక్కూ పెన్నూ లాక్కుంది.

డ్రమ్ము మూత మీద బుక్కు పెట్టుకుని, నాకు వీపు చేసి లెక్క కట్టింది. ఫోన్ తీయలేదు, వర్గమూలం చేత్తోనే చేసింది. నేను ఫోర్కు పట్టుకుని వెనక నిలబడ్డాను. ఒకచోట పొరపాటు పడి, రబ్బరు కోసం చూడకుండా అడ్డంగా కొట్టేసి పక్కన రాసుకుంది. అయిపోయాక మొదటి నుంచి మళ్ళీ సరిచూసుకుంది. తరవాత బుక్కు నా వైపు తిప్పింది. మూడు వందల ముప్పై ఒకటిన్నర.

"నా చెవులకేం కాలేదు మే," అంది. ఇంకోసారి అంది, ఈసారి గట్టిగా, తోపుకంతా చెప్తున్నట్టు. పైటకొంగుతో ముఖం తుడుచుకుంది. తల వంచకుండా, ఏ చెవీ తిప్పకుండా, నిటారుగా నా ముఖంలోకి చూసింది.

"ఇంకోసారి కొట్టు," అంది. "వింటా."